డొక్కల పొయ్యి వెలిగించకండి

ఏమండీ,
నేను బడికి వెళ్తున్నాను. అత్తయ్యగారి స్నానానికి నీళ్లు హీటరుతోనే కాచండి, కొబ్బరి డొక్కల పొయ్యి వెలిగించకండి. ఆ పొగ మెదడుకీ చేటేనని అమలాపురం డాక్టరుగారు చెప్తే, మీరు నవ్వేశారు. "పోయిన జ్ఞాపకశక్తి ఎంత తిరిగొస్తుందో చెప్పలేమండీ, పొగ మాత్రం మానిపించండి" అన్నారాయన.

మానేసి మూడు నెలలైంది. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన ఆవిడ మొన్న వేసవిలో పదమూడో ఎక్కం మధ్యలో ఆగిపోయి ఏడ్చారు కదా. ఈ పొద్దున్న మన బిందుకి అదే ఎక్కం చివరిదాకా అప్పజెప్పారు. "ఎక్కడా తప్పలేదు కదమ్మా?" అని అడిగారు. "లేదు మామ్మా" అంది బిందు. నేను జడ సగంలో వదిలేసి వింటూ నిలబడిపోయాను.

కరుణ

మధ్యాహ్నం మిమ్మల్ని పద్నాలుగో ఎక్కం అడుగుతారట. కాస్త చూసుకుని ఉండండి.