సెర్రీ టీ బోర్డు

డిసెంబర్ 3
బోర్డు రాసేశాను. రేకు మీద ఎర్ర పెయింటు. కాఫీ పండుని ఇంగ్లీషులో సెర్రీ అంటారు; ఈ తొక్కల టీకి ఆ ఇంగ్లీషు పేరు లేకపోతే బొర్రా నుంచి వచ్చే టూరిస్టులు ఆగరు. చర్చి గేటు పక్కన చోటిచ్చారు. క్రిస్మస్ దాకా బాగా నడిస్తే అక్కడే పక్కా షాపు వేసుకోమన్నారు చర్చి సంఘం పెద్దలు. అది వస్తే చాలు నాకు.
స్పెల్లింగు గ్రేసుని అడిగాను. తమ్ముడి పెళ్లాం, స్కూల్లో ఇంగ్లీషు టీచరు. ఇంట్లో మనిషిని వదిలి ఇంకెవర్ని అడుగుతాను... 'సెర్రీ అంటే ఇలాగేనేటే, సూడు' అన్నాను. చూసింది. బాగానే చూసింది. 'కరెక్టే వదినా' అంది.

డిసెంబర్ 5
మంచు. పెయింటు ఇంకా వేలికి అంటుతోంది.

డిసెంబర్ 7, ఆదివారం
మొదలెట్టాను. తెచ్చిన టీ అంతా ఒక్కపూటకే అయిపోయింది. టూరిస్టులు బోర్డు పక్కన నిలబడి ఒకటే ఫోటోలు. వాళ్లు నవ్వుతుంటే నేనూ నవ్వాను.

డిసెంబర్ 9
నా బోర్డు ఫోటో అందరి ఫోన్లలో తిరుగుతోంది. మధ్యాహ్నం సంఘం పెద్ద యాకోబు మాస్టారు ఇంటికొచ్చారు. 'ఏటమ్మా ఇది, సర్చి గేటుకాడ సారా బోర్డేటి?'
ఆయనే విడమరిచి చెప్పారు. సి-హెచ్‌తో రాస్తే పండు. ఎస్-హెచ్‌తో రాస్తే షెర్రీ — అదేదో విదేశీ ద్రాక్ష సారా. మా నోటికి చ అంతా స కదా, పలికినట్టే సి చోట ఎస్ పెట్టి రాశాను. ఫోన్లో కొట్టి కూడా చూసుకున్నాను, కింద ఎర్ర గీత రాలేదు. ఎలా వస్తుంది, అదీ ఉన్న మాటే అయిపోయె.
షాపు మూయమన్నారు.
గ్రేసు అక్కడే ఉంది. ఆయన వెళ్లాక 'సరిగ్గా చూడలేదు వదినా' అంది. మనిషన్నాక పొరపాటు... నమ్మాను.

డిసెంబర్ 10
పొద్దున్నే గేటు పక్కన, నా చోట్లో — గ్రేసు. అదే టీ. చదువుకున్న పిల్ల, తప్పు రాయదని పెద్దలు ఇచ్చారట. కొత్త బోర్డు. సి-హెచ్.
వేలు పెట్టి చూశాను. గట్టిగా ఆరిపోయి ఉంది.
నాది మూయించింది నిన్న మధ్యాహ్నం. ఈ మంచులో ఒక్క రాత్రికే పెయింటు ఆరుతుందా? నాకు కరెక్టే అన్న రోజుల్లోనే తనది రాసి పెట్టుకుంది. తడిగుడ్డతో గొంతు కోసింది.

డిసెంబర్ 11
తమ్ముడు — 'పోన్లే అప్పా. ఎవులు అమ్మితే ఏటి, ఇంట్లోకే కదా.'
వాడికి ముందే తెలుసా? అడగలేదు. తెలుసంటే తట్టుకోలేను.

డిసెంబర్ 13
అన్నం సహించడం లేదు. గ్రేసు పెళ్లై మా ఇంటికి వచ్చిన కొత్తలో నాకు ఇంగ్లీషు నేర్పింది ఇదే. లూజ్‌కీ లూజ్‌కీ తేడా — 'రెండు ఓలు ఉంటే వదులు వదినా, ఒకటే ఉంటే పోగొట్టుకోవడం.' ఎంత ఓపికో. ఒక్క ఓ దగ్గర ఆగి సరిచేసే మనిషికి నా ఎస్ కనబడలేదట!

డిసెంబర్ 14
చర్చికి వెళ్లలేదు.

డిసెంబర్ 16
గ్రేసు వచ్చింది. చేతిలో పళ్లెం, పళ్లెంలో కాఫీ తొక్కలు. ఇంట్లో నేను ఎండబెట్టి ఉంచినవే ఇన్నాళ్లూ వాడిందట, అవి అయిపోయాయట, ఇవి తను ఎండబెట్టుకున్నవట. రేపు పాటల ప్రాక్టీసుకి వచ్చే సండే స్కూలు పిల్లలకి వీటితోనే టీ. 'ఒక్కసారి చూడు వదినా, సరిగ్గానే ఆరాయా?'
పైకి ఎర్రగా, ముచ్చటగా ఉన్నాయి. వేళ్లతో అడుగు నుంచి కలిపాను. బూజు వాసన. తాగితే కడుపులు పాడవుతాయి, పేరు పోతుంది, ఆ చోటూ పోతుంది.
చూసి చెబుతానులే అన్నాను. పళ్లెం వదిలి బయటికి నడిచింది. వాకిట్లోంచి మళ్లీ కేక — 'బేగి సెప్పు వదినా.' చెప్పు కాదు. సెప్పు. కంగారులో దాని నోటికీ మా స వచ్చేసింది.
చీకటి పడకముందే చెప్పాలి. 'కరెక్టే' — ఒక్క మాట. నాలుక చివరే ఉంది. వాకిట్లో ఇంకా నిలబడే ఉంది గ్రేసు.