మైకు ముందు శివరాజ్

ఆగస్టు 3, ఆదివారం

కోహీర్‌లో శివరాజ్ వాళ్ళ చిన్నమ్మ ఇంట్లో భోజనాలు. నేను వడ్డిస్తుంటే శివరాజ్ అందరూ వినేలా, నా పెండ్లాం ముంగట హీరోయిన్లు ఎందుకు పనికొస్తరు అన్నాడు. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ రోజుకో పొగడ్త. ఇంట్లో అంటే భరించాను. ఈరోజు నలుగురిలో నన్ను నవ్వులపాలు చేశాడు.

తిరిగి వస్తుంటే బైక్ మీద మొహం తిప్పుకుని కూర్చున్నాను. ఆకలైతుందా అని అడిగాడు.

ఆగస్టు 4

నా ఉద్యోగమే తప్పులు పట్టడం. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పెయింట్ వేసిన బానెట్లను లైట్ కింద పెట్టి చూస్తాను. గీత, బుడగ, దుమ్ము. ఏ తప్పూ దొరకలేదంటే సరిగ్గా చూడలేదని లెక్క. శివరాజ్ నన్ను సరిగ్గా చూడలేదు. లేదా చూసే ఎగతాళి చేస్తున్నాడు. రెండోదే అయి ఉంటుంది.

పదో తరగతిలో జగదీశ్ కూడా ఇంతే. నువ్వు మస్తుంటవ్ అన్నాడు. నేను వెర్రిదానిలా థాంక్స్ చెప్పాను. వెనక బెంచీలన్నీ గొల్లుమన్నాయి. వాళ్ళలో వాళ్ళు పందెం వేసుకున్నారట. అప్పుడు జగదీశ్‌ను ఏమీ చేయలేకపోయాను. శివరాజ్‌ను వదలను. ఇది ఎలా ఉంటుందో అతనికీ తెలియాలి.

ఆగస్టు 9

బెండకాయ ఫ్రై సూపర్ అని డిపో నుంచి మెసేజ్. బస్సుల ఇంజన్లు విప్పేవాడికి బెండకాయ గురించి ఏం తెలుసు? బ్లాక్ చేద్దామనుకున్నాను.

ఆగస్టు 17, ఆదివారం

దొరికింది.

శివరాజ్‌కు పాట రాదు. శ్రుతి లేదు, తాళం లేదు. స్నానం చేస్తూ పాడతాడు, నా అడుగు వినపడితే ఆపేస్తాడు. ఈరోజు అతను బయటికి రాగానే నీ గొంతు మస్తుంది అన్నాను. నిజమా అన్నాడు. నిజంగనే అన్నాను. చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఒక్క మాటకే నమ్మేశాడు. మనిషన్నవాడు ఇంత సులువుగా నమ్ముతాడా?

ఆగస్టు 31, ఉదయం 6

నిన్న సాయంత్రం కాలనీ వినాయకుడి దగ్గర పిల్లల డాన్సులయ్యాక, మా ఆయన గొప్ప సింగర్ అని పక్కింటి శరణమ్మత్త చెవిలో వేశాను. ఆమెకు చెబితే మైకులో చెప్పినట్టే. జర ఒక్క పాట అని అందరూ పట్టుకున్నారు. శివరాజ్ నావైపు చూశాడు. పాడమని తల ఊపాను. స్టేజీ ఎక్కాడు.

పల్లవి కూడా దాటలేదు, నవ్వులు మొదలయ్యాయి. ముందు పిల్లలు నవ్వారు, తర్వాత పెద్దలు. ఎవరో ఈల వేశారు. లైట్లు కళ్ళలో పడుతున్నా నేనున్న వైపే చూస్తూ మొత్తం పాడాడు. నాకు కసి తీరింది. రాయడానికి సిగ్గేం లేదు, తీరింది.

ఇంటికొచ్చాక కుంగిపోతాడనుకున్నాను. చెప్పులు విడుస్తూ, వాళ్ళు నవ్విన్రు తియ్, నీకు నచ్చుతదని పాడిన అన్నాడు. మారు వడ్డించుకుని తిన్నాడు. నాకే అన్నం సహించలేదు.

సెప్టెంబర్ 2

కాలనీ గ్రూపులో వీడియో. పాడే మనిషి కంటే నేనే బాగా కనిపిస్తున్నాను. ముందు వరసలో, కొంగు నోట్లో కుక్కుకుని, అందరికంటే ఎక్కువ నవ్వుతూ. శివరాజ్ రెండుసార్లు చూశాడు. ఫోన్ బోర్లించి డ్యూటీకి వెళ్ళాడు.

సెప్టెంబర్ 14

బాత్రూంలో నీళ్ళ చప్పుడు ఒక్కటే. మెసేజ్‌లు లేవు. గెలిచాను కదా, మరి ఇదేమిటి?

సెప్టెంబర్ 21

ఉండబట్టలేక అడిగాను. నేనెట్లుంట, ఉన్నది ఉన్నట్టు చెప్పు అన్నాను. తొందరపడకుండా చూశాడు. ఎడమ కనుబొమ్మ మధ్యల తెగి ఉంటది అన్నాడు. నవ్వితే చిగుళ్ళు కనబడతయ్. మెడ జర నలుపు. నడిస్తే కుడి భుజం కిందికి వంగుతది.

భుజం సంగతి నాకే తెలియదు. అద్దం ముందు నడిచి చూశాను. నిజమే.

ఇవన్నీ ఎప్పుడు చూసినవ్ అని అడిగాను. పెళ్ళిచూపులల్ల అన్నాడు. అంటే ఇవన్నీ చూసే ఇన్నాళ్ళూ ఆ పొగడ్త మాటలన్నాడు. ఒక్కటీ అబద్ధం కాదు. ఇప్పుడు మాత్రం అనలేదు. అనమని అడగడానికి నాకు నోరు రాలేదు.

సెప్టెంబర్ 22

పొద్దున శివరాజ్ బైక్ తీస్తుంటే, నీలం షర్ట్ నీకు మంచిగుంది అన్నాను. నిజంగానే బాగుంది.

చుట్టూ చూశాడు. ఎవరు వీడియో తీస్తున్నరు అని అడిగాడు.