సిరా కరిగిన సీసాలు

చిట్టితల్లికి నాన్న దీవెనలు.

ఇక్కడ మీ అమ్మా నేనూ కులాసా. ఆవిడ మోకాలు మాత్రం, ఆవిడ లాగే, నా మాట వినదు. నువ్వూ బాగున్నావని తలుస్తాను. ఆ నీళ్ల పరీక్షల ల్యాబులో రోజంతా నిలబడే ఉంటున్నానని రాశావు. ఓ స్టూలు అడగవేం, నోట్లో నాలుక లేదా? మా మ్యూజియంలో సీసాల గదికి కొత్త ఫ్యాను వచ్చింది. తిరగడం కంటే మూలగడమే ఎక్కువ.

"మొదటి స్కాలర్‌షిప్‌తో కొనిచ్చిన పెన్ను ఏమైంది? ఎప్పుడూ పెన్సిలుతోనే రాస్తావేం?" అని మళ్లీ అడిగావు. రెండుసార్లు దాటేశాను. ఇక దాటెయ్యను.

నువ్వు పరిశోధన చేసిన గుహ రొయ్యలు గుర్తున్నాయి కదూ! కొండ గుహలోవీ, లోయ గుహలోవీ, తెల్లగా, కళ్లు లేకుండా అచ్చుగుద్దినట్టుండేవి. అందరూ అవి అక్కచెల్లెళ్లన్నారు. నువ్వొక్కదానివే, "చూపు పోయినంత మాత్రాన చుట్టాలైపోతారా నాన్నా? ఏ గుహలోవి ఆ గుహ బయటి వాగులోంచే వెళ్లాయి. చీకట్లో దేనికవే కళ్లు పోగొట్టుకున్నాయి" అన్నావు. కాళ్ల మీది ముళ్లు లెక్కపెట్టి వంశవృక్షం గీశావు. తీరా చూస్తే కొండ గుహ రొయ్యకి లోయ వాగుతో చుట్టరికం తేలింది, లోయ గుహ దానికి కొండ వాగుతో! పరీక్షకు వచ్చిన పెద్దాయన "రొయ్యలేమైనా బస్సెక్కాయా?" అని నవ్వి థీసిస్ తిప్పి పంపాడు. సీసాలు మారాయేమోనని ఎవరో అంటే, "మా నాన్న చీటీ తప్పదు" అన్నది నువ్వే.

తప్పిందమ్మా. సీసాలో వేసే చీటీ పెన్సిలుతోనే రాయాలి, స్పిరిట్‌లో సిరా నిలవదు. నీకు నేర్పిందే నేను. కానీ అవి నీ రొయ్యలు, అది నీ పెన్ను. మురిసిపోయి ఆ రెండు చీటీలూ దానితో రాశాను. నెల తిరక్కుండా స్పిరిట్ నీలమైంది, చీటీల మీద అక్షరం లేదు. నాకు గుర్తుందిలే అనుకుని మళ్లీ రాసి సీసాల్లో పడేశాను. తారుమారు చేశాను. అప్పట్నుంచి పెన్ను ముట్టలేదు.

అప్పుడు నాకు తెలియదని బొంకొచ్చు. ఆయన నవ్వినప్పుడు తలుపు దగ్గర ట్రే పట్టుకుని నిలబడ్డాను. చీటీలు మార్చింది నేనేనని అప్పుడే తెలిసిపోయింది. ఉద్యోగం పోతుందని కాదు, నీ దగ్గర నా మాట పోతుందని నోరు మూసుకున్నాను. ఛీ, ఏం తండ్రిని!

కిందటి వారం కొత్తగా చేరిన పరిశోధకురాలు ఒక్కో రొయ్య కాలు ముక్క తీసి జన్యువులు చూసింది. "బాబాయ్, ఈ రెండు సీసాలూ అటూ ఇటూ మారిస్తే మీ అమ్మాయి థీసిస్ అక్షరాలా నిజం" అంది. "మార్చింది నేనే" అన్నాను. రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాను. డైరెక్టరు గారికీ రాసిచ్చాను, ఏం చేసినా సరే. నువ్వు ఊఁ అంటే ఆ వృక్షం నీ పేరుతోనే అచ్చవుతుంది. పోయిన ఎనిమిదేళ్లు మాత్రం నేను తేలేను.

క్షమించమనడానికి మొహం చెల్లడం లేదు. ఆ రోజు నువ్వు బయటికొచ్చి, "నేనే ఎక్కడో తప్పు లెక్కపెట్టినట్టున్నాను నాన్నా" అని ఏడ్చావు. నేను తల నిమిరి, "పోనీలే" అన్నాను.

నువ్వు తప్పు లెక్కపెట్టలేదమ్మా.

ఇట్లు,
నీ సీసాల నాన్న