కోటు లోపలి మనిషి

అమ్మకు,

నమస్కారాలు. ఇంట్లో ఇద్దరం వేళకి వండుకుంటున్నాం, వేళకి తింటున్నాం, మిగిలిన సమయంలో ఒకరినొకరు సాధించుకుంటున్నాం. నువ్వు అక్కడ ఒంట్లో బాగుండి, గొంతు పెంచకుండానే బడి మొత్తాన్నీ అదుపులో పెట్టి ఉంటావని తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. వంటింటి కొళాయి సంగతి అడిగావు. బాగు చేయించాను, ఇప్పుడు కారడం లేదు, కాకపోతే తిప్పినప్పుడల్లా పిల్లి అరిచినట్టు అరుస్తోంది. నా డ్యూటీ సంగతి అడిగావు. స్టేషన్‌లో నన్ను పొద్దుటి షిఫ్టుకి మార్చారు. రైళ్ళు ఎప్పటిలాగే ఆలస్యంగా వస్తున్నాయి, నేను ఎప్పటిలాగే మైకులో చింతిస్తున్నాను. ఇక మూడో ప్రశ్న. "చిన్నప్పుడు మీ నాన్న తీసుకెళ్తే కుర్చీలోనే నిద్రపోయేదానివి. ఇప్పుడు ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆ బ్రిటిష్ సినిమాలకి ఎందుకు పోతున్నావే" అని రాశావు. దీనికి జవాబు పెద్దది. కాఫీ పెట్టుకుని చదువు.

మొదట వెళ్ళిన కారణం వేరు, అది తర్వాత రాస్తాను. ఇప్పుడు మాత్రం నాకే ఇష్టమై వెళ్తున్నాను.

నాన్నకి ఈ పిచ్చి ఎలా పట్టిందో నీకు తెలుసు, కానీ ఆయన చెప్పే తీరులో ఎప్పుడూ విని ఉండవు. ప్లీడరుగారు కుర్రవాడిగా ఉన్నప్పుడు ఒక బ్రిటిష్ సినిమా చూసి వచ్చి, అందులో పొడుగాటి మనిషి వేసుకున్న కోటు లాంటిది తనకి కుట్టిపెట్టమన్నాడట. నాన్న కోటు చూడటానికే టికెట్టు కొని వెళ్ళాడు. భుజం దగ్గర కుట్టు ఎక్కడ పడింది, కాలరు ఎంత వెడల్పు, ఇవే చూస్తున్నాడు. ఇంతలో ఆ పొడుగాటి మనిషికి ఒక టెలిగ్రాం వచ్చింది. చదివాడు, మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కోటు బొత్తాలు కింది నుంచి పైకి ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. ఏడవలేదు, నోరు విప్పి ఒక్క మాట అనలేదు.

"ఆ బొత్తాలు పెట్టుకుంటుంటే వాడి కొంప కూలిపోయిన చప్పుడు వినిపించింది తల్లీ" అంటాడు నాన్న. కోటు సంగతి మరిచిపోయి ఇంటికొచ్చాడు. కోటు కోసమని మర్నాడు మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ మరిచిపోయాడు. ప్లీడరుగారికి కోటు నెల ఆలస్యంగా అందింది. ఇప్పుడు లైబ్రరీ మేడమీద ఆదివారం సినిమాలు వేసేది ఆ ప్లీడరుగారే. కోటు ఇప్పటికీ ఆయనకి సరిపోతుంది, మనిషే కాస్త తగ్గాడు.

ఆ నటుడి పేరు నాన్న నోట ఎప్పుడూ వినలేదు. "మన పొడుగాయన" అంటాడు, మేనమామ కొడుకు గురించి చెప్పినట్టు. పొడుగాయన ఒక సినిమాలో రాజుగారి మంత్రి. ఇంకో సినిమాలో హోటల్లో తలుపు తీసే మనిషి, మొత్తం నిమిషన్నర కనిపిస్తాడు. ఆ నిమిషన్నరలో అతనికి మోకాలి నొప్పి ఉందనీ, ఎవరికీ చెప్పుకోడనీ మనకి తెలిసిపోతుంది. నాన్న మెచ్చుకునేది అదే. అక్కడ పెద్ద వేషం వేసినవాడు మరుసటి నెల టీ కప్పులు పట్టుకొచ్చే వేషం వేస్తాడు, చిన్నతనం అనుకోడు. నాటకాల్లో ఏళ్ళ తరబడి నలిగి వచ్చినవాళ్ళు, గొంతుని ఎక్కడ దించాలో, మాటకి ముందు ఎంతసేపు ఆగాలో ఒంటపట్టించుకున్నవాళ్ళు. ఇంకొకావిడ ఉంది, ఎప్పుడూ గొడుగుతో కనిపిస్తుంది కాబట్టి మాకు గొడుగావిడ. మొహంలో ఒక్క గీత కదలకుండా ఆవిడ అనే మాటకి హాలంతా పొట్ట పట్టుకుని నవ్వుతుంది. తను మాత్రం ఎందుకు నవ్వుతున్నారో అర్థం కానట్టు చూస్తుంది. నాన్న ఇంగ్లీషు కూడా వీళ్ళు నేర్పిందే. నువ్వు విసుక్కునే ఆ "ఐ బెగ్ యువర్ పార్డన్" గొడుగావిడది.

ఈ ఆదివారాల్లో నా పని ఏమిటంటే, నాన్న పక్కన కూర్చుని తెర మీద ఏం జరుగుతోందో ఆయన చెవిలో చెప్పడం. ఎందుకు చెప్పాల్సి వచ్చిందో రాస్తాను, ముందు ఎలా చెప్పానో విను. మొదటి వారం నాకు అలవాటైన భాషలోనే చెప్పాను. నాన్న కాసేపు భరించి, "ఆయన గదిలోంచి బయటికి వెళ్తున్నాడని చెప్పు చాలు. రెండో నంబరు ప్లాట్‌ఫాం నుంచి బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నాడని చెప్పకు" అన్నాడు. ముందు వరసలో ఉన్న ప్లీడరుగారు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

నాలుగో వారమో, అయిదో వారమో, ఒక పాత నలుపు తెలుపు సినిమా వేశారు. పొడుగాయన అందులో పడవల రేవు దగ్గర టికెట్లు ఇచ్చే గుమాస్తా. ఇరవై ఏళ్ళ కిందట పోట్లాడి వెళ్ళిపోయిన తమ్ముడు వానలో తడిసి వచ్చి ఆ కిటికీ ముందు నిలబడ్డాడు. ఇద్దరూ గాలి గురించి, పడవ వేళల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత మాటలు ఆగిపోయాయి.

"ఏం చేస్తున్నాడు?" అని అడిగాడు నాన్న.

"ఏమీ చేయడం లేదు నాన్నా. ఊరికే ఉన్నాడు."

"ఊరికే ఎలా ఉన్నాడో చెప్పు."

అప్పుడు చూశానమ్మా. నిజంగా చూడటం ఆ రోజే మొదలుపెట్టాను. బొటనవేలితో టికెట్టు అంచుని మెల్లగా రుద్దుతున్నాడు. తమ్ముడి మొహం చూడటం లేదు, తమ్ముడి బూట్లలోంచి కారుతున్న నీళ్ళు చూస్తున్నాడు. ఊపిరి పీల్చాడు, వదల్లేదు. తర్వాత తను కూర్చున్న ముక్కాలిపీట ఎత్తి, పక్క తలుపులోంచి బయటపెట్టి, మళ్ళీ లోపలికొచ్చి నిలబడే టికెట్లు కోయడం మొదలుపెట్టాడు. తమ్ముడు ఆ పీట మీద కూర్చున్నాడు. అంతే. క్షమించానని లేదు, కౌగిలింత లేదు, వెనక వాయిద్యాలు కూడా లేవు. ఇవన్నీ నాన్న చెవిలో ఒక్కొక్కటే చెప్పాను. నాన్న నా మోచేతి మీద తట్టి, "సరిగ్గా చెప్పావు" అన్నాడు. నాకు ఉద్యోగం వచ్చిన రోజున కూడా ఆ మాట అనలేదు.

అందుకు వెళ్తున్నాను. ఎదురుగా ఉన్న మనిషిని చూడటం ఆ దేశపు నటులు నాకు నేర్పారు. స్టేషన్‌లో గాజు గది వెనక కూర్చుని కిందకి చూస్తుంటే, ఎవరు ఎవరికోసం వచ్చారో, ఎవరు రాలేదో ఇప్పుడు నాకు కనిపిస్తోంది.

ఇక నువ్వు అడగని సంగతి. ఇక్కడి వరకు వచ్చి రెండుసార్లు కలం కింద పెట్టాను.

అమ్మా, నాన్నకి చూపు పోతోంది. కుడి కన్ను దాదాపు పోయింది. ఎడమ కంటితో ఎదురుగా ఉన్నంత మేరే కనిపిస్తుంది, పక్కలంతా చీకటి. దారపు రీలు చిల్లులోంచి చూస్తున్నట్టు ఉందంటాడు. కంటి నరం ఎండిపోతోందని డాక్టరు చెప్పింది. పోయింది తిరిగి రాదు, మిగిలింది మందు చుక్కలతో నిలబెట్టుకోవాలి. ఎనిమిది నెలలుగా రెండు పూటలా నేనే వేస్తున్నాను. పోయినసారి పరీక్ష చేసి, చూపు కొత్తగా ఏమీ తగ్గలేదని చెప్పింది.

నీకు దాచినందుకు క్షమించు. కానీ అంతకంటే పెద్దది ఒకటి ఉంది. నిరుడు ఒక రోజు నాన్న నాతో, "కుడి కంటికి పొగ కమ్మినట్టుంది, నీకు తీరికైనప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు" అన్నాడు. వచ్చే వారం అన్నాను. ఆ వారం ఎవరో సెలవు పెట్టారని వాళ్ళ డ్యూటీ చేశాను. ఆపైన వచ్చే వారం అన్నాను. నాన్న మళ్ళీ అడగలేదు, నేను మరిచిపోయాను. మూడు నెలలు గడిచాక మన షాపులో కాజాలు కుట్టే ఆవిడ స్టేషన్‌కే వచ్చి నా చేతిలో ఒక గుడ్డముక్క పెట్టింది. కోటు ముందు భాగం కత్తిరిస్తూ మాస్టరు సుద్దగీత దాటి, పక్కనే పరిచి ఉన్న చేతి ముక్కలోకి కత్తెర పోనిచ్చారట.

"నేను చేరాక ఇట్లాంటిది చూడలేదమ్మా. కత్తెర పక్కన పెట్టి చాలాసేపు బల్ల తడుముతూ కూర్చున్నారు. నేను చెప్పానని చెప్పకు" అంది.

ఆ సాయంత్రమే తీసుకెళ్ళాను. మూడు నెలల ముందు వచ్చి ఉంటే ఇంకొంచెం మిగిలేదని డాక్టరు నాతో విడిగా చెప్పింది. ఆ మాట నాన్నకి చెప్పలేదు. నీకు చెప్పొద్దని నాన్న ఒట్టు వేయించుకున్నాడు. "మీ అమ్మ ఆ హెడ్మిస్ట్రెస్ కుర్చీ కోసం పాతికేళ్ళు ఆగింది. ఇది తెలిస్తే మర్నాడే సెలవు చీటీ రాసిచ్చి బస్సెక్కుతుంది" అన్నాడు. నిజమే. కానీ నేను ఒప్పుకుంది నీ కుర్చీ కోసం మాత్రమే కాదు. నీకు చెప్తే ఆ మూడు నెలల సంగతి కూడా చెప్పాలి.

రెండు నెలల కిందట నువ్వు సెలవులకి వచ్చి పది రోజులు ఉన్నావు. నీకు ఏమీ తెలియలేదు. దానికి వారం ముందు నుంచీ నాన్న ఎలా తయారయ్యాడో నేను చూశాను. గది నుంచి వంటింటికి ఎన్ని అడుగులో లెక్కపెట్టుకున్నాడు. గ్లాసులో నీళ్ళు పోయడం చప్పుడుని బట్టి సాధన చేశాడు. పేపరు ఎంతసేపటికి తిప్పితే చదివినట్టు ఉంటుందో నన్నడిగి తిప్పాడు. ఒకటి అతిగా చేసినప్పుడు తనే ఆగి, "పొడుగాయన ఇట్లా చెయ్యడు" అనుకుని మళ్ళీ మొదటి నుంచి చేశాడు. అమ్మా, ఇన్ని గొప్ప నటనలు చూశాను. అన్నిటిలోకీ గొప్పది మన వంటింట్లో చూశాను, నీకోసం వేసింది.

ఆయన్ని పట్టుకోలేకపోయానని బాధపడకు. ఇది ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్నటి ఉత్తరం చివర్లో నువ్వు రాసిన మాటల వల్ల. "ఈసారి మీ నాన్న మారిపోయాడే. నేను మాట్లాడుతుంటే తల పూర్తిగా తిప్పి నా మొహంలోకే చూశాడు. బజారుకి వెళ్తే దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఇదే మొదలు" అని రాశావు. ఎప్పటిలాగే ఉత్తరం నాన్నకి గట్టిగా చదివి వినిపిస్తున్నాను. ఆ మాటలు పైకి వచ్చేశాక గానీ ఏం చదివానో నాకు తెలియలేదు.

నాన్న బల్ల మీద అరచెయ్యి ఆనించి ఉన్నాడు. ముఖంలో ఏమీ లేదు. చిటికెన వేలు మాత్రం బల్ల అంచు వెంట ఒకసారి వెళ్ళి వచ్చింది. "రాసెయ్యి. దీన్ని ఇంక నడిపితే తప్పు" అన్నాడు.

అప్పుడే మూడు నెలల సంగతి కూడా చెప్పేశాను. ఏడుస్తూ చెప్పాను. నాన్న మొత్తం విన్నాడు. "డాక్టరుగారి గది మన షాపుకి రెండు వీధుల అవతలే కదా తల్లీ. నాకు కాళ్ళు లేవా? వెళ్ళలేదు. ఏం చెప్తుందోనని నేనూ భయపడ్డాను" అన్నాడు. తర్వాత, కాజాల ఆవిడ చెయ్యి నిదానమైనదనీ, కత్తిరింపు ఆవిడకి నేర్పుతున్నాననీ, కొలతలు మాత్రం తన వేళ్ళతో తనే తీస్తాననీ చెప్పాడు. నిన్న ఆవిడ కత్తిరించిన మొదటి కోటు ట్రయల్‌కి వేశారు. నాన్న భుజాల మీద చేతులు వేసి తడిమి చూసి, ఎడమ పక్క పావు అంగుళం దించమన్నాడట. దించితే సరిగ్గా కూర్చుందట.

సెలవు చీటీ రాయొద్దని నాన్న చెప్పమన్నాడు. రిటైర్‌మెంటుకి ఇంకా తొమ్మిది నెలలే కాబట్టి ఆ కుర్చీలోంచి లేవాల్సిన రోజునే లేవమన్నాడు. నేను రమ్మనీ అనను, వద్దనీ అనను. ఇంతవరకూ నీ తరఫున మేమే నిర్ణయించాం, అదే తప్పయింది. ఇకపై ప్రతి డాక్టరు చీటీ ఉత్తరంతో పాటు పంపిస్తాను.

ఒక్కటి మాత్రం నీకోసం నేనే అడిగాను. "నువ్వు అమ్మ చెయ్యి పట్టుకున్నది కళ్ళు కనపడకనేనా?" అన్నాను. నాన్న ఆలోచించి, అబద్ధం లేకుండా చెప్పాడు.

"మొదటి రోజు అందుకే పట్టుకున్నాను. రెండో రోజు బజారులో జనం లేరు, రోడ్డు బోసిగా ఉంది, దారి నాకు కొట్టిన పిండి. వదిలేస్తే మీ అమ్మ మళ్ళీ పట్టుకోనిస్తుందో లేదోనని వదల్లేదు."

ఇట్లు,
నీకు దాచిందంతా చెప్పేసిన
నీ కూతురు