రెండు కార్బురేటర్ల పంపకం

నెల్లూరు జిల్లా కావలి తాలూకా బిట్రగుంట రైల్వే కాలనీ కాపురస్తురాలు, ప్రభువునందు నిద్రించిన యెహోషువ గారి కుమార్తె, లోకో షెడ్డు ఫిట్టరు దారా జ్ఞానప్రకాశం గారి భార్య, మిషను ఆసుపత్రిలో కాన్పుల నర్సు, రెబెక్కమ్మ, వయస్సు నలభై ఆరు, రాయించిన వీలునామా.

నా గుండె బాగాలేదని నెల్లూరు డాక్టర్లు తేల్చారు. బుద్ధి బాగానే ఉంది. ఎవరి ఒత్తిడీ, ప్రోద్బలమూ లేకుండా నా స్వార్జితానికి ఈ కింది విధంగా ఏర్పాటు చేస్తున్నాను. రాసేవారు కావలి దస్తావేజు లేఖరి పద్మనాభయ్య గారు. చెప్పింది చెప్పినట్టు రాయాలని, మధ్యలో అడ్డు చెప్పకూడదని ఆయన దగ్గర ముందే మాట తీసుకున్నాను. అమలు జరిపే బాధ్యత మా సంఘ పెద్ద సంజీవరావు గారిది.

1. నా గొలుసు, కుట్టుమిషను, కాన్పుల సంచి నా ఏకైక కుమార్తె, నెల్లూరులో నర్సు చదువుతున్న ఏసుమణికి సర్వహక్కులతో చెందవలసినది. సంచిలో కత్తెర మొద్దుబారింది, సాన పట్టించుకోవాలి.

2. నా తెల్ల పట్టుచీర తడలో ఉన్న నా చెల్లెలు సామ్రాజ్యానికి. అది ఒకసారి అడిగింది, నేను ఇవ్వలేదు. అప్పుడే ఇవ్వాల్సింది.

3. పెద్ద ఇత్తడి బిందె ఇంటికి చేపలు తెచ్చే నాగులమ్మకు. నాకు దగ్గు తెర వచ్చినప్పుడల్లా గంప దించి వీపు రాసింది ఆమె ఒక్కతే.

4. మోటారు సైకిలు. ఇది నాది. మిషను ఆసుపత్రి పెద్ద డాక్టరు దొర 1957లో స్వదేశం వెళ్ళిపోతూ, నేను ఊళ్ళలో కాన్పులకు పోవడానికి వీలుగా ఉంటుందని నా పేర కాగితం రాసి ఇచ్చారు. అప్పటికే పాతబడిన ఇంగ్లీషు బండి. రెండు సిలిండర్లు, ఒక్కోదానికి పెట్రోలులో గాలి కలిపే కార్బురేటరు ఒకటి. రెండూ ఒకే తీరున గాలి పీలిస్తేనే బండి సాఫీగా నడుస్తుంది, ఒకటి వెనకబడితే వణుకుతుంది. ఇవన్నీ నాకెలా తెలుసంటే, ఎనిమిదేళ్లుగా మా ఇంట్లో ఇంకో మాట లేదు.

ఆదివారం గుడి నుంచి రాగానే మా ఆయన చొక్కా విప్పి వరండాలో దాని ముందు కూర్చుంటారు. నా స్టెతస్కోపు తీసుకుని, కింది బిళ్ల ఊడదీసి, గొట్టాన్ని ఒక కార్బురేటరు మూతి దగ్గర కాసేపు, రెండోదాని దగ్గర కాసేపు పెట్టి కళ్ళు మూసుకుని వింటారు. స్క్రూ వెంట్రుకవాసి తిప్పుతారు. మళ్ళీ వింటారు. అన్నానికి పిలిచినా, ఏసుమణి ఉత్తరం సంగతి చెప్పబోయినా చెయ్యి ఎత్తి ఒకటే మాట: "మాట్లాడబాక రెబెక్కా, వింటా ఉండా."

పెట్రోలు చిమ్మే జెట్టు సన్నరంధ్రంలో నలక పడితే, దూర్చి తీయడానికి నా తలవెంట్రుక ఒకటి కావాలి ఆయనకు. ఈ ఎనిమిదేళ్లలో ఆయన నా తల మీద చెయ్యి వేసింది అందుకే.

ఇసకపల్లి నుంచి కాన్పుకు కబురొచ్చిన రోజు కార్బురేటర్లు రెండూ విప్పి నా దుప్పటి మీద పరిచి ఉన్నాయి. ఎద్దులబండిలో పోయాను. నేను చేరేసరికి బిడ్డ పుట్టి పాలు తాగుతున్నాడు. ఆ తల్లి నన్ను చూసి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇంకో ఆడమనిషి అయితే సంఘంలో పెట్టి అడిగేదాన్ని. ఇనుప బండి మీద అసూయ అని ఎవరితో చెప్పుకోను? అసూయే, దాచడం దేనికి. మూడేళ్లుగా నాలుగడుగులు వేస్తే ఆయాసం, పడుకుంటే దగ్గు. ఎడమ కార్బురేటరులో ఈగ రెక్కంత తేడా పట్టగలిగిన మనిషికి అది వినపడలేదు.

5. కాబట్టి బండి చట్రం, ఇంజను, చక్రాలు నా భర్తకు. ఎడమ కార్బురేటరు ఏసుమణికి, కుడిది సామ్రాజ్యానికి. నన్ను సమాధి చేసిన రోజే సంజీవరావు గారు రెండూ విప్పించి నెల్లూరికీ తడకూ పంపాలి. అవి కావాలంటే నా భర్త రెండు ఊళ్ళకూ పోవాలి. రైలు పాసు ఉంది కనుక సాకు చెప్పడానికి లేదు. ఒక్కో ఇంట్లో కూర్చుని, అన్నం తిని, వాళ్ళు చెప్పేది చెయ్యి ఎత్తకుండా చివరిదాకా వినాలి. ఏసుమణి దగ్గర తండ్రికి చెప్పవలసింది చాలా మిగిలిపోయింది. సామ్రాజ్యం మొదలుపెడితే ఆపదు, అది ఆయన అదృష్టం. వాళ్ళకు తృప్తి అయ్యాక ఇవ్వవచ్చు. నేను పోయిన మర్నాడే ఆయన చెవి మొత్తం ఆ బండికి దక్కడం నాకు ఇష్టం లేదు.

6. స్టెతస్కోపు. ఏసుమణికే రాయించాలనుకున్నాను. పోయిన గురువారం నెల్లూరు నుంచి వచ్చి డాక్టర్ల కాగితం ఆయన చేతికిచ్చాను. ఆ ఇంగ్లీషు అర్థంకాక కాసేపు అలాగే చూశారు. తరువాత వరండాలోకి పోయి స్టెతస్కోపు తెచ్చారు. ఊడదీసిన బిళ్ల రేకుడబ్బాలో వెతికి బిగించారు. పెట్రోలు వాసన పోయేదాకా పంచెతో తుడిచి, నా గుండె మీద పెట్టి కళ్ళు మూసుకున్నారు. నేనేదో అనబోయాను.

"మాట్లాడబాక రెబెక్కా, వింటా ఉండా" అన్నారు.

ఎనిమిదేళ్లు పళ్ళు కొరికిన ఆ మాటకు ఆ రోజు బుద్ధిగా నోరు మూసుకున్నాను. కార్బురేటరు దగ్గర కంటే ఎక్కువసేపే విన్నారు. గడియారం చూశాను కాబట్టి చెబుతున్నాను. "దెబ్బకీ దెబ్బకీ మధ్యన గాలి కారినట్టుండాది. ఎన్నాళ్ళ నించి ఇది?" అన్నారు. కాగితంలో డాక్టర్లు రాసింది కూడా ఇంచుమించు అదే. మూడేళ్లు అన్నాను. గొట్టాలు చెవుల్లోంచి తీయకుండానే ఏడ్చారు.

స్టెతస్కోపు నా భర్తకే చెందవలసినది. బండికి పెట్టకూడదని ఒక వాక్యం రాయించి, మళ్ళీ కొట్టించాను. నేను లేని ఇంట్లో ఆయనకు వినడానికి ఏదో ఒకటి ఉండాలి. అయిదో అంశం మాత్రం కొట్టించలేదు. పద్మనాభయ్య గారు మాట తప్పి, అదీ కొట్టేయమంటారా అని రెండుసార్లు అడిగారు. ఒక్క సాయంత్రంతో ఎనిమిదేళ్లు తీరవని చెప్పాను.

కొట్టివేత ఒకటి, నా సమ్మతితో జరిగినది. ఆస్తి పుచ్చుకునేవారు సాక్షి సంతకం పెట్టకూడదట, అందువల్ల మా ఆయన్ను వరండాలో కూర్చోబెట్టాము. మొత్తం చదివి వినిపించగా విని, సరిగా ఉన్నదని సంతకం చేస్తున్నాను. కిటికీ తెరిచి ఉంది కనుక ఆయనా విన్నారు. ఈ రోజు ఆదివారం. బండి ఇంకా స్టార్టు చేయలేదు.

బిట్రగుంట, 1965 నవంబరు 21

(సంతకం) దారా రెబెక్కమ్మ

సాక్షులు:
1. ముత్యాలయ్య, లోకో షెడ్డు ఖలాసీ
2. ఎలిశబెతు, మిషను బడి టీచరు

దస్తూరి: పద్మనాభయ్య, కావలి