మందుల వరుసలో బావగారు

బావగారికి,

అక్క కంట పడకూడదని ఈ ఉత్తరం మీ వర్క్‌షాపుకు పంపుతున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఇప్పటికే రెండు కాగితాలు చింపేశాను.

మంగళవారం మా వీధిలో కొత్తగా తెరిచిన హెచ్.ఐ.వి. మందుల కేంద్రంలో నన్ను చూసి మీరు వరుసలోంచి వెళ్లిపోయారు. నర్సు మీ నంబరు మూడుసార్లు పిలిచింది. నేను అక్కడ పనిచేయడం లేదు బావగారూ. ఆరేళ్లుగా నేనూ అవే మాత్రలు మింగుతున్నాను. మన ఇళ్లలో ఎవరికీ తెలియదు.

ఇదివరకు పెద్దాసుపత్రిలో రోజంతా పడిగాపులు పడేదాన్ని. ఇప్పుడు ఇక్కడ సాయంత్రం పూట, మూడు నెలల మందులు ఒకేసారి ఇస్తున్నారు. దగ్గరైనందుకు సంతోషించాలో, తెలిసినవాళ్లు కనబడతారని భయపడాలో అర్థం కావడం లేదు. ఆ మాటే నర్సుతో అంటే, "మాత్రలు మాత్రం మానకండమ్మా, మిగతావి నిదానంగా ఆలోచించుకుందురుగాని" అంది. కాబట్టి ఆ రోజు తీసుకోకుండా వెళ్లిన మందులకు శుక్రవారం సాయంత్రం ఆరింటికి రండి, నేనూ వస్తాను.

అక్క విషయంలోనే ఏం చేయాలో పాలుపోవడం లేదు. చెబితే మీకు ద్రోహం, చెప్పకపోతే తనకు. తనకీ పరీక్ష చేయించాలి కదా. ఆ మాట మీరే చెప్పాలి. నోరు రాకపోతే నన్ను పిలవండి. ముందు నా సంగతి చెబుతాను. ఆ తర్వాత మీకు కొంచెం తేలికవుతుందేమో.

మీ మరదలు