ఆఖరున వచ్చిన ఇద్దరం

ఆల్ప్స్ కొండల నుంచి, బుధవారం

అమ్మా, నేను క్షేమం. పేపర్లో నిన్నటి సైకిల్ పందెం ఫలితాల అట్టడుగున నా పేరు చూసి, ఎక్కడో పడ్డాననుకుని కంగారు పడకు.

కొండ సగం ఎక్కేసరికి చదును దారిలో చివరి పరుగులో దూసుకుపోయే మా జట్టు స్ప్రింటర్ లీవెన్‌కి వాంతులు పట్టుకున్నాయి. గడువు దాటి వస్తే పందెంలోంచి తీసేస్తారు. "నువ్వు పోరా నెస్టోర్, నాతోపాటు నువ్వెందుకు మునగడం!" అన్నాడు. "నోరు మూసుకుని నా వెనక చక్రానికి అతుక్కుని తొక్కు" అని తిట్టి, ఎదురుగాలికి నేను అడ్డం పడ్డాను. నలభై సెకన్ల గడువు మిగిలుండగా గీత దాటాం. వాణ్ణి ముందు దాటనిచ్చాను, అందుకే ఆఖరి పేరు నాది. ఇవాళ విశ్రాంతి, రేపటి పందెం చదును నేల మీద. వాడు గెలుస్తాడు, చూస్తుండు.

ఊలు మేజోళ్ళు రెండు జతలు పంపు. నీ మోకాలు ఎలా ఉంది? చెల్లికి నా ముద్దులు. బార్లో కసాయి ఓమెర్ "మీవాడు దారిలో కునుకు తీశాడా?" అని వెక్కిరిస్తే నాన్నని గొడవకి దిగొద్దను. పావురాల పందెం రోజున ఆఖరి పావురం వాలేదాకా గూటి తలుపు వేయని మనిషి ఆయన. ఆయనకి నేను వేరే చెప్పాలా?

నీ నెస్టోర్